దురద ఎట్లుంటాదని అడిగే మనిషి

హొళగుందలో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎమ్మిగనూరు నుంచి చీరెల మూటతో వచ్చిన ఒకాయన మాటల మధ్యలో అన్నాడు.

"మగ్గం గుంతలో కుచ్చొని మందిచ్చే అయ్య ల్యాడూ, ఆయప్ప పోయినాడు సార్. పదైదు దినాలైంది."

బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు. మూటాయన ఎక్కి, కిటికీలోంచి నన్ను వింతగా చూస్తూ వెళ్లిపోయాడు.

ఆ అయ్య పేరు నా ఉద్యోగపు కాగితాల్లోనే సరిగ్గా లేదు. ఇక్కడా రాయను. ఆయన ముఖం కూడా నాకు గబుక్కున గుర్తురాదు. ముందు చేతులు గుర్తొస్తాయి. ఆ తర్వాత, కళ్లు మూసుకుని "ఇంకా సెప్పు" అనే ఆ గొంతు.

ఆయన్ని మొదటిసారి చూసేనాటికి నేను కుష్ఠు నివారణ పనిలో చేరి నాలుగేళ్లయింది. డెబ్భైల చివరి రోజులు. ఆదోనిలో గది. సైకిల్ మీద హాలహర్వి, హొళగుంద వైపు ఊళ్లకు పోవడం, ఇంటింటా మనుషుల వీపులూ చేతులూ చూడడం, పాలిపోయిన మచ్చ కనిపిస్తే దూదిపోగుతో తాకి "తెలుస్తాందా?" అని అడగడం, ఇదీ నా పని. అలాంటి పని చేసే నాకే ఒళ్లంతా పొడి, దురద. మోకాళ్ల కింద చర్మం పొలుసులుగా లేచేది. రాత్రి పడుకున్న చాప పొద్దున దులిపితే తెల్లటి పొట్టు రాలేది. నా గది జిన్నింగు మిల్లుల వెనక కావడంతో గాలిలో ఎప్పుడూ దూది నుసి. గీరి గీరి నెత్తురొచ్చేది.

ఒక ఊళ్లో ఆడవాళ్లు నన్ను చూసి తలుపులేసుకున్నారు. "కుష్ఠు సారే గీరుకుంటాండాడు సూడండే" అని లోపల్నుంచి నవ్వు. ఇక నాకు ఒళ్లు చూపించేదెవరు?

ఆస్పత్రి పూతలు పూసుకున్నన్ని రోజులు పని చేసేవి. మానేస్తే మళ్లీ మామూలే. మా ఇంటి యజమాని, పరుపులు కుట్టే దూదేకుల సాయిబు, ఒకరోజు నా కాళ్లు చూసి అన్నాడు.

"ఎమ్మిగనూరు పోండి సార్. ఆడ ఒకాయప్ప ఉండాడు. కాగే నూనెలో చెయ్యి పెడతాడు. కాలదు. మా బావమరిదికి గజ్జి మాదిరి ఎండు దురద ఉంటే ఆ నూనెతోనే పోయినాది."

నవ్వుకుంటూనే వెళ్లాను. నా ఉద్యోగం ఏమిటో చెప్పకూడదని మాత్రం బస్సులోనే నిర్ణయించుకున్నాను. చర్మాలు చూసే సర్కారు మనిషి నాటువైద్యుడి గడప తొక్కాడంటే బాగుండదు కదా.

నేతగాళ్ల వీధి. రెండువైపులా ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు. ఆయన ఇంట్లో మాత్రం చప్పుడు లేదు. గడప దాటితే ఒక పొడుగాటి గది, ఒకటే చిన్న కిటికీ. ఎండలోంచి వచ్చిన కళ్లకు కాసేపు ఏమీ కనపడలేదు. కనపడేసరికి, నేలమీద సగం మనిషి ఉన్నాడు.

మగ్గం తీసేసిన తర్వాత దాని గుంత అలాగే ఉంచుకున్నారు. నేతగాడు కాళ్లు దించుకుని కూర్చునే గుంత అది. ఆయన అందులో కూర్చుని ఉన్నాడు. నడుము పైభాగమే నేల మీద. పక్కనే పొయ్యి, దాని మీద రాగి గిన్నెలో నూనె. జనం రాకముందే ఆయన గుంతలోకి దిగేవాడట, అందరూ పోయాకే లేచేవాడట. ఆయన నిలబడగా చూసినవాళ్లు లేరు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ చెవిలో చెప్పింది, "నడుం కింద ఆయప్ప మడిసి కాదంట నాయనా. పామంట." ఆమె నవ్వలేదు. చెప్పి, ఆ గుంతకేసి దండం పెట్టింది.

నా వంతు వచ్చింది.

"యాడనుంచప్పా?"

"ఆదోని."

"ఏం పని?"

"ఇస్కూల్లో అయ్యవారిని."

ఆయన నన్ను కాసేపు చూశాడు. "సరే. దురద ఎట్లుంటాది, సెప్పు."

"దురదంటే దురదే గదన్నా. ఎట్లుంటాదంటే ఏం చెప్పేది?"

"అట్ల కాదు. యాడ మొదులైతాది? చీమ పారినట్లుంటాదా, గొంగడి కప్పినట్లుంటాదా? గీరితే తియ్యగుంటాదా? ఆ తీపి ఎంతసేపుంటాది?"

అడిగి కళ్లు మూసుకున్నాడు. నేను తడబడుతూ చెప్పాను. సాయంత్రం మొదలవుతుందనీ, మడమ మీద సన్నగా సూది కదిలినట్టు ఉండి మోకాలి దాకా పాకుతుందనీ, గీరితే హాయిగా ఉండి, అంతలోనే మంటెత్తుతుందనీ. నేను చెప్తుంటే ఆయన పెదాలు కదులుతున్నాయి. నా మాటల్ని లోపల్లోపల మళ్లీ అనుకుంటున్నాడు. ఆపితే "ఇంకా సెప్పు" అన్నాడు. ఇంకేం లేదంటే ముఖం చిన్నబోయింది.

అందరినీ అంతే అడిగేవాడు. హాలహర్వి నుంచి వచ్చిన గొర్లకాపరి ఒకడు "ఏముండాది సామీ, దురద, అంతే" అన్నందుకు కోపగించుకున్నాడు. "సరిగ్గా గీరుకొని, యాదిపెట్టుకొని వచ్చి సెప్పు, పో" అని బయటికి పంపాడు. రోగం తెలుసుకునే పద్ధతి కాబోలనుకున్నాను.

పథ్యం మామూలుదే. సబ్బు ముట్టవద్దు, పెసరపిండితో రుద్దుకో. సలసల కాగే నీళ్లు వద్దు, గోరువెచ్చగా పోసుకో. ఒళ్లు పూర్తిగా ఆరకముందే నూనె పట్టించు. చింతపండు, వంకాయ, ఎండుచేప మానెయ్. పొద్దున్నే సుగంధిపాల వేరు కషాయం. "నీ చర్మం దప్పితో ఉండాదప్పా. తాగనియ్యి. గీరితే అలుగుతాది." ఇంకో మాట కూడా అనేవాడు, ప్రతి ఒక్కరితోనూ. "దురదంటే చర్మం పిలుస్తాండాదని. పిలిచేదానికి భయం లేదు. పిలవనిదే సెడ్డది."

ఆ నూనె గరిక రసం, వేపచెక్క, పసుపు, కానుగ గింజల ముద్ద వేసి నువ్వుల నూనెలో సన్నని సెగ మీద కాచింది. పాకం వచ్చిందో లేదో చూడ్డానికి ఎవరైనా గరిటెతో అడుగు ముద్ద తీసి, చల్లారాక వత్తిలా నులిమి, మంటలో పెడతారు. చిటపటమంటే ఇంకా తడి ఉన్నట్టు. ఆయన గరిటె వాడలేదు. బుడగలొస్తున్న నూనెలోకి రెండు వేళ్లు పోనిచ్చి ముద్దను తీశాడు. తొందరపడలేదు. రెప్ప వాల్చలేదు. వేళ్ల నుంచి నూనె కారుతుంటే ఆ ముద్దను నెమ్మదిగా నులిమి మంటకు చూపించాడు. చప్పుడు లేకుండా వెలిగింది.

"సల్లగుండాది తల్లీ, నీళ్ల మాదిరి," అన్నాడు ముసలమ్మతో.

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.  ఏదో కమిలిన వాసన వచ్చింది. వత్తిదే అనుకున్నాను.

రెండు నెలలకు నా కాళ్లు నావి కావన్నంత మెత్తబడ్డాయి. రాత్రి నిద్రపట్టింది. ఊళ్లల్లో తలుపులు తెరుచుకున్నాయి. నూనె అయిపోయినప్పుడల్లా ఎమ్మిగనూరు వెళ్లేవాణ్ణి.

ఇప్పుడు చెప్పక తప్పదు. వెళ్లిన ప్రతిసారీ నాకు కొన్ని కనపడ్డాయి. ఆయన ఒకసారి కుడిచేతిని నూనెలో పెడితే, తర్వాతిసారి ఎడమచేతిని పెట్టేవాడు. పెట్టని చెయ్యి ఎప్పుడూ గుడ్డసంచిలో ఉండేది. "దానికి ఈ దినం సెలవు" అనేవాడు. చిటికెన వేలు లోపలికి వంగి ఉండేది. కనుబొమల చివర్లు వెంట్రుకలు కావు, కాటుకతో దిద్దినవి. ఆయన భార్య పట్టపగలు గోడకు చేరగిలబడి కునుకుతూ ఉండేది, ఒళ్లో పిల్లి.

"రాత్రిళ్లు నిద్ర లేదా అమ్మా?" అని అడిగాను ఒకసారి.

"ఎలుకలు నాయనా. కాపలా కాయాల."

"గింజలు తింటాండాయా?"

ఆమె గుడ్డసంచిలో ఉన్న మొగుడి చేతి వైపు చూసి, పిల్లిని దగ్గరికి తీసుకుంది.

మా పనిలో నిన్న చేరినవాడైనా ఐదు నిమిషాల్లో పోల్చుకుంటాడు. స్పర్శ పోయిన వేళ్లను నిద్రలో ఎలుకలు కొరికితే మనిషి లేవడు. అలాంటి వేళ్లు నేను ఎన్ని చూశానో. అయినా ఆ గదిలో కూర్చున్నంతసేపూ నా కళ్లు చూసింది మనసుకు పోనివ్వలేదు. చూశానని ఒప్పుకుంటే నేనెవరో ఒప్పుకోవాలి. పైగా ఆయన నా ఒంటిని నాకు తిరిగిచ్చిన మనిషి.

ఒక ఎండాకాలం ఆదోని నుంచి ఒక ముస్లిం ఆమె పదేళ్ల కూతురిని తెచ్చింది. పిల్లకు మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం గరుకై పగిలి రసి కారుతోంది. ఆయన అడిగింది అడిగాడు, ఆ పిల్ల చెప్పింది చెప్పింది. వేళ్లు నూనెలో పెట్టి తీశాడు.

"సల్లగుండాది తల్లీ, నీళ్ల మాదిరి."

ఆమె నమ్మింది. అయ్య చేత చల్లబడిన నూనె అప్పటికప్పుడు పిల్లకు పూస్తే మేలనుకుందో ఏమో, "బిస్మిల్లా" అంటూ చేతిని మణికట్టు దాకా గిన్నెలో ముంచింది.

ఆ కేక నేనిప్పటికీ వింటాను. నీళ్ల కాగు తెచ్చి ఆమె చేతిని అందులో ముంచి పట్టుకున్నాను. "తియ్యొద్దు. నీళ్లల్లోనే పెట్టు. ఎంత మంటైనా తియ్యొద్దు." పిల్ల తల్లి కొంగు పట్టుకుని ఏడుస్తోంది. జనం గోడలకు అతుక్కుపోయారు. అప్పుడు గుంతలోంచి ఆయన ముందుకు వంగాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"ఎట్లుండాది తల్లీ?" అన్నాడు. అదే గొంతు, అదే శ్రద్ధ. "సెప్పు. మంట ఎట్లుండాది?"

ఆయన భార్య పరుగున వచ్చి ఆయన నోటి మీద చెయ్యి పెట్టింది.

పిల్ల తల్లిని జట్కాలో ఆస్పత్రికి చేర్చాను. చెయ్యి దక్కింది, కానీ తోలు ముడుచుకుపోయింది. నేను తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఇల్లు ఖాళీ. పొయ్యి ఆరింది. ఆయన గుంతలోనే ఉన్నాడు.

"నువ్వు అయ్యవారివి కావు," అన్నాడు.

"కాదు."

"నీళ్లల్లో పెట్టమన్నావు సూడు, ఆ గొంతు ఇస్కూలుది కాదు."

నేనెవరో చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మొదటి దినమే అనుకున్నా. అందరూ నా చెయ్యి సూస్తారు. నువ్వు నా మోచెయ్యి సూసినావు. ఏమిటికి సూస్తాండాడా అనుకున్నా. సెప్తాడులే అని ఎదురుసూస్తాంటి."

నేను చెప్పలేదు. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ ఆ చేతులు కాలుతూనే ఉన్నాయి.

మోచేతి వెనక నరం తడిమి చూశాను. పేనిన నూలు తాడులా లావెక్కి ఉంది. జేబులోంచి దూది తీసి పోగులా నులిమాను. "కళ్లు మూసుకోన్నా. తాకిన కాడ వేలు పెట్టి సూపీ." ముందు వేలి కొసలు తాకాను. అరచెయ్యి. మణికట్టు. ముంజేయి. ఆయన బుద్ధిగా కళ్లు మూసుకుని ఎదురు చూస్తున్నాడు.

"ఊఁ. మొదులుపెట్టప్పా," అన్నాడు.

అప్పటికి నేను పదకొండుచోట్ల తాకాను. ఆయన భార్య గుమ్మంలో నిలబడి లెక్కపెడుతోందని ఆమె పెదాలు చూస్తే తెలిసింది. భుజం దగ్గరికి వచ్చేసరికి "ఆఁ, ఈడ" అన్నాడు, సంతోషంగా.

తర్వాత ఆయనే చెప్పాడు. "మగ్గం మీదుండంగానే పోయినాది. పోగు తెగితే వేలికి తెలియాల గదా. నాకు కంటితో సూసుకుంటే గానీ తెలియకపోయె. నేసేది మానుకున్నా. మా నాయన కాచే నూనె కాచుకుంటాంటి. ఒగదినం పొరపాటున చెయ్యి గిన్నెలో పడింది. నేను సూసుకోలేదు. సూసినోళ్లు కాళ్లకు మొక్కినారు. నేను వద్దనలేదు. అదే నా తప్పు." తన వేళ్లకేసి చూసుకుంటూ అన్నాడు. "దురద మాత్రం మర్సిపోకూడదనుకున్నా. అందుకే అడుగుతాంటి అందరినీ."

ఆయనే మళ్లీ అడిగాడు.

"ఒగటి సెప్పు. ఇన్నేండ్లు ఈ సేతుల్తో ఎంతమందిని తాకినానో. వాళ్లకి...?"

"అంత సులువుగా రాదన్నా. మందు మింగితే నీ నుంచి ఇంకెవరికీ రాదు."

"తాకినోళ్ల సంగతి?"

 ఆ తర్వాత ఆ గదికి వచ్చిన ప్రతి ఒక్కరి చర్మాన్నీ, నా కాళ్లు చూపించే నెపంతో, దగ్గరగా చూశాను. ఎవరిలోనూ నాకు ఏమీ కనపడలేదు. వచ్చిపోయి మళ్లీ రానివాళ్ల మాట ఈనాటికీ తెలియదు.

మా జీపు ఒక్కసారి ఆ వీధిలో ఆగితే చాలు, 'పెద్దరోగం' అన్న మాటతో ఆ వీధి చీరెలే ఎవరూ కట్టరు. అందుకని ఆయన పేరులో రెండక్షరాలు మార్చి, ఊరు మాధవరం అని రాశాను. అది మా ఊరు. రాసిన ఇల్లు మా ఇల్లు. నిబంధనల ప్రకారం తప్పు. నెలనెలా మాత్రలు నేనే తెచ్చి ఇచ్చేవాణ్ణి, ఆయన భార్య నాకు నూనె సీసా నింపి ఇచ్చేది.

ఆయన చేతులు నూనెలో పెట్టడం మానేశాడు. గరిటె, వత్తి ఆమె పట్టింది. ఆ నూనె అదే నూనె, అలాగే పని చేసేది. కానీ జనం తగ్గారు. "అయ్యకు శక్తి పోయింది" అన్నారు. ఎనభైల్లో కొత్త మందులొచ్చాయి, మూడు రకాలు కలిపి ఇచ్చేవి. అందులో ఒకటి ఒంటిని నల్లగా చేస్తుంది, చర్మాన్ని ఎండగొడుతుంది. ఏడాది తిరిగేసరికి ఆయన ముఖం బొగ్గు రంగుకు తిరిగింది. చీకటి గదిలో కళ్ల తెలుపు మాత్రమే కనపడేది. దురదకు మందిచ్చేవాడి ఒంటిమీదే పొలుసులు లేచాయి. ఆ మిగిలిన కొద్దిమందీ భయపడి రావడం మానేశారు.

ఒకరోజు భార్యతో కబురంపాడు, వెంటనే రమ్మని. పుండు పడిందేమోనని హడావిడిగా వెళ్లాను. గదిలో గుంత ఖాళీగా ఉంది.  పెరట్లోంచి పిలిచాడు.

ఎండలో బండమీద కూర్చుని ఉన్నాడు, పాదాలకు కట్లతో. ఎన్నిసార్లు అడిగినా గుంతలోంచి తియ్యని ఆయన కాళ్లు నేను చూడడం అదే మొదలు. వేళ్లు సగమే ఉన్నాయి. చొక్కా విప్పి వీపు తిప్పాడు.

"ఈడ సూడప్పా, బుజాల నడుమ. ఏందో పారుతాండాది. చీమా?"

చూశాను. చీమ లేదు. ఎండి బీటలిచ్చిన నల్లటి చర్మం.

"ఏమీ లేదన్నా. దురద."

 ఆయనకు వీపులో స్పర్శ పూర్తిగా పోలేదు. మందుకు చర్మం ఎండిపోయి దురద పుట్టింది, అంతే. చేతులకు ఏమీ తిరిగిరాలేదు, రాదు కూడా. ఆ మాట నేను చెప్పాను. ఆయన విన్నట్టు లేదు.

"ఇదేనా?"

"ఇదే."

"అందరూ అబద్ధం సెప్పినారప్పా," అన్నాడు మెల్లగా. "చీమ మాదిరి కాదు, ముల్లు మాదిరి కాదు. ఎవరో దూరంకాడ్నుంచి పేరు పెట్టి పిలిచినట్లుండాది."

భార్య నూనె గిన్నె తెచ్చింది. ఆయన చేతితో వద్దన్నాడు.

"రెండు దినాలుండనీ."

ఆ తర్వాత నాకు వేరే తాలూకాకు బదిలీ అయింది. మందు కోర్సు పూర్తయినట్టు కాగితం మాధవరం పేరు మీదే రాసి ముగించాను. ఒకటి రెండు సార్లు చూశాను, అంతే.

హొళగుందలో ఆ కబురు విన్నరోజు తర్వాతి బస్సులో ఎమ్మిగనూరే వెళ్లాను. వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. ఆమె గడపలో కూర్చుని ఉంది. చలిజ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడని చెప్పింది. ఎత్తుకుపోవడానికి వచ్చినవాళ్లకు అప్పుడే, మొదటిసారి, పాదాలు కనపడ్డాయట.

"గడపకాడ్నే నిలబడిపోయినారప్పా. ఒగరూ లోపలికి రాలే. స్నానం నేనే సేయించినా. నీళ్లు ఎక్కువ కాగినట్లుండాయి, చెయ్యి పెడితే సుర్రుమన్నాది. సల్లనీళ్లు కలపను పోతే పక్కింటామె కిటికీలోంచి అనింది, 'పీనుగుకేం తెలుస్తాదే, పొయ్యి' అని."

ఆమె తన అరచేతిని తిప్పి చూసుకుంది.

"ఆయనకు తెలియకనే గదప్పా ఇరవై ఏండ్లు నేను చెయ్యి పెట్టి సూసి పోసింది. ఆ దినమూ కలిపే పోసినా."